తలుపు వెనక బొమ్మలు

మా ఆడపడుచుకు బొమ్మలు వేయడం రాదు. ఈ సంగతి ముందుగా చెప్పేయడమే మంచిది, ఎందుకంటే ఇప్పుడు ఆమెను ఎరిగినవాళ్లంతా బొమ్మల మేడమ్ అనే పిలుస్తారు. బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి నల్లబల్ల మీద కుక్కను గీసి, ఇదేమిటర్రా అని అడిగితే, పిల్లలు కాసేపు తర్జనభర్జన పడి మంచం అన్నారట. ఒక పిల్ల మాత్రం, "తోక ఉంది కాబట్టి కుక్క అయ్యుండొచ్చు టీచర్" అందట, జాలిగా. ఆ జాలిని తలుచుకుని మా ఆడపడుచు ఇప్పటికీ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతుంది.

ఆమె మా ఆయనకు చెల్లెలు. మా పై వాటాలో ఉంటుంది, భోజనం మాత్రం మాతోనే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది. అది నిజమే కావచ్చు కూడా. చిన్నప్పటి నుంచీ ఆమెది ఒకటే జబ్బు. ఏదైనా ఎందుకలా ఉందో తెలియకపోతే కాలు నిలవదు. బస్సెక్కితే డ్రైవర్ ఆ ఎర్ర మీట ఎందుకు నొక్కాడో అడగాలి. మందుల షాపులో కొన్ని సీసాలు గోధుమరంగులో ఎందుకుంటాయో అడగాలి. ఆమెతో బజారుకు వెళితే చిటికెలో అయ్యే పని పూట పని అవుతుంది. నేను అలా కాదు. తెలియనివి పుస్తకంలో వెతుక్కుంటాను, దొరక్కపోతే ఊరుకుంటాను. అందుకే మాకు పొత్తు కుదిరింది. అడిగేది ఆమె, వినేది నేను.

బడి నుంచి రిటైరయ్యాక సాయంత్రం క్లాసులు మొదలుపెట్టింది. పని కోసం దూరాల నుంచి ఈ ఊరికి వచ్చిన పెద్దవాళ్లకు మా భాష మాట్లాడటం నేర్పడం. ఒక పాత ఆఫీసు భవనంలో మూడో అంతస్తు. పొడవాటి గది, కిటికీలోంచి చూస్తే ఎదుటి భవనం వెనకగోడా, దానికి వేలాడే ఏసీ డబ్బాలూ. గది చివర చీపుర్లూ విరిగిన కుర్చీలూ పెట్టుకునే చిన్న స్టోర్ రూమ్. అక్కడ ఆమెకు దొరికిన కంప్యూటర్లలో స్టోరీబోర్డులు, అంటే గడుల్లో బొమ్మల కథలు, తయారుచేసే సదుపాయం ఒకటుంది. ఎవరో కుర్ర ఉద్యోగి చూపించి వెళ్లాడు. ఆ రోజు ఇంటికి వచ్చినప్పుడు ఆమె మొహం చూడాల్సింది.

"వదినా, ఇక నా కుక్క కుక్కలాగే ఉంటుంది," అంది చెప్పులు విప్పకుండానే.

తెర మీద ఖాళీ గడులు ఉంటాయి. పక్కన సామానంతా సిద్ధంగా ఉంటుంది. వంటగది, వీధి, ఆస్పత్రి వరండా, రకరకాల మనుషులు. కావలసినదాన్ని మౌస్‌తో లాక్కొచ్చి గడిలో పడేయడమే. మొహంలో కోపం కావాలంటే కోపం, చేయి ఎత్తాలంటే ఎత్తుతుంది. ఆపైన మాటల బుడగ తగిలించి, అందులో ఏమన్నారో రాయాలి. ఆమె చేసిన మొదటి కథ మా ఆయన మీదే. మూడు గడుల్లో ఆయన ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి ఉంటాడు. నాలుగో గడిలో తలుపు మూసేస్తూ "ఎందుకొచ్చానబ్బా" అంటాడు.

మా ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, "నాకంత పొట్ట లేదు చెల్లాయ్," అన్నాడు.

"అక్కడున్న వాటిలో అదే చిన్న పొట్ట అన్నయ్యా."

నాకు మొదట్లో ఆ గడుల మీద పెద్ద గురి కుదరలేదు. బొమ్మల్లేని లావుపాటి పుస్తకాలు చదివి ముసలిదాన్నయినదాన్ని. ఆ ఫ్రిజ్ కథ మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య మా ఆయన ఎంతసేపు నిలబడ్డాడో ఎవరూ గీయలేదు. అయినా నేను చూశాను. గీయనిదాన్ని చూడటం ఎలా కుదిరిందా అని, ఆ వారం ఆమెతోపాటు నేనూ క్లాసుకు బయలుదేరాను. అప్పటి నుంచి వెనక బెంచీలో నాకొక చోటు ఏర్పడింది.

ఆమె పాఠం చెప్పే తీరు ఇది. ముందు బుడగలన్నీ ఖాళీగా ఉంచి కథను గోడ మీద చూపిస్తుంది. ఇక్కడ ఈవిడ ఏమంది, ఆయనేమన్నాడు అని అడుగుతుంది. తలా ఒకటి అంటారు. నవ్వులు, వాదనలు. బాగున్న మాటను బుడగలో రాయిస్తుంది. తర్వాత ఎవరికి వాళ్లు, ఆ వారం తమకు పనిలో ఎదురైన ఒక సంగతిని గడుల్లో పెట్టి తేవాలి. మరొకరు దాన్ని గట్టిగా చదవాలి. పెద్దవాళ్లకు తప్పు మాట్లాడాలంటే సిగ్గు. కానీ తప్పు మాట్లాడింది బొమ్మ అయితే ఆ సిగ్గు ఉండదు. క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడ, మొదటి నెలంతా నోరు మెదపనిది, తన బొమ్మ చేత యజమానిని ఎంత చక్కగా తిట్టించిందో.

ఆ క్లాసులోనే తలుపులాయన ఉన్నాడు.

ఆ పేరు వంటావిడ పెట్టింది. ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని చేసేవాడు. నలభై దాటిన మనిషి, పొడగరి, చొక్కా చేతుల అంచులకు ఎంత ఉతికినా పోని నూనె మరకలు. వినడంలో దిట్ట. ఎవరేమన్నా అర్థమయ్యేది. తాను మాట్లాడాల్సి వచ్చేసరికి ఎదుటివాళ్ల మొహం చూసి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఆగిపోయేవాడు. ఆయన క్లాసుకు వచ్చిన కారణం మొదటి రోజే అందరికీ చెప్పాడు. లిఫ్టులో మనుషులు చిక్కుకుపోతే కంపెనీకి ఫోన్ వస్తుంది. అలాంటి పిలుపుకు ఒంటరిగా వెళ్లాలంటే మా భాషలో మాట్లాడే పరీక్ష నెగ్గాలి. అంతవరకూ ఇంకొకరి వెనక సంచీ మోయడమే. ఒకసారి తప్పాడు. మూడు నెలల్లో రెండో పరీక్ష. అదీ తప్పితే విడిభాగాల గోదాములోకి పంపేస్తారు, మళ్లీ లిఫ్టు ముందు నిలబడే పని ఉండదు.

"గోదాము చెడ్డదా?" అని అడిగింది మా ఆడపడుచు.

"మంచిదే మేడమ్. ఫ్యాను ఉంది," అన్నాడు. చొక్కా చేతి అంచు మడుచుకుంటూ, "నాకు లిఫ్టు కావాలి," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె ఎలా ఊరుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన తెచ్చిన కథల్లో మనుషులే ఉండేవారు కారు. ఏ గడి చూసినా బూడిదరంగు తలుపు, మూసి ఉండేది. తలుపు మీదుగా ఒక బుడగ వేలాడేది. అందులో మాటలు లేవు, మూడు చుక్కలు. పక్క గడిలో మళ్లీ తలుపు, మళ్లీ చుక్కలు.

"మీ ఊళ్లో మనుషులుండరా?" అంది వంటావిడ.

"ఉంటారు."

"మరి ఒక్కరైనా తలుపు తీయరేం? అప్పులవాడని దాక్కున్నారా?"

అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. మా ఆడపడుచు మాత్రం దగ్గరికి వెళ్లి ఓపికగా చెప్పింది. "కథలో మనుషుల్ని పెట్టండి. బుడగలో మాటలు రాయండి. చుక్కలు పెడితే పరీక్షలో మార్కులు రావు."

"ఉన్నారు మేడమ్," అన్నాడాయన.

"ఎక్కడ?"

"ఉన్నారు."

ఆమెకు ఆయన తన మాట అర్థం చేసుకోలేదనిపించింది. బొమ్మల్లో మనుషులున్న వరుసను వేలితో చూపించి, ఇదిగో ఇక్కణ్నుంచి లాగాలి అని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. మరుసటి వారం మళ్లీ తలుపులే తెచ్చాడు. ఆ రోజు ఆమె మొహం కాస్త ముడుచుకుంది. ఇంటికి వచ్చే దారిలో, "బద్ధకమేమో వదినా," అంది. ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద నేను చిక్కుళ్లు ఒలుస్తున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని ల్యాప్‌టాప్‌లో అందరి కథలూ దిద్దుతోంది. తలుపులాయన కథ వచ్చింది. తలుపు మరీ పెద్దదిగా ఉంది, గడి అంచు దాటిపోయింది. దాన్ని కాస్త లోపలికి జరుపుదామని మౌస్‌తో పట్టుకుని లాగింది.

తలుపు పక్కకు జరిగింది. దాని వెనక ఒక ముసలావిడ ఉంది.

నేల మీద కూర్చుని ఉంది. కాళ్లు దగ్గరకు ముడుచుకుని, రెండు చేతులూ చెవుల మీద. మొహంలో భయం. అక్కడున్న మొహాల్లో అంతకంటే భయపడే మొహం లేదు. బుడగ తోక సరిగ్గా ఆవిడ నోటి దగ్గరే ఉంది.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆమె రెండో గడిలో తలుపు లాగింది. అదే ముసలావిడ, ఈసారి ఒక చేయి ముందుకు చాచి ఉంది. మూడో దాంట్లో తల తలుపుకు ఆనించి ఉంది. ఒక బొమ్మను ఇంకో బొమ్మ వెనక్కి పంపే మీట ఒకటుంటుంది. మామూలుగా చెట్టు వెనక ఇల్లు పెట్టడానికి వాడతారు. ఈయన ప్రతి గడిలో ముందు మనిషిని కూర్చోబెట్టి, చేతులూ కాళ్లూ మొహమూ సరిచేసి, తర్వాత తలుపు తెచ్చి మూసేశాడు. పాత కథలన్నీ తెరిచి చూశాం. అన్నిటిలోనూ ఆవిడే.

"ఉన్నారు మేడమ్ అన్నాడు వదినా. రెండుసార్లు అన్నాడు," అంది ఆమె. తర్వాత నాకు తెలిసిన పాత గొంతుతో, "ఎవరై ఉంటుంది?" అంది.

మంగళవారం క్లాసులో ఆమె ఆయన పక్కన కుర్చీ వేసుకుంది. తప్పొప్పుల మాట ఎత్తలేదు. గోడ మీద ఆయన కథ వేసి, తలుపును పక్కకు జరిపి, "ఈవిడ గురించి చెప్పండి," అంది. ఆయన గోడ వైపే చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మధ్యలో మాట దొరక్కపోతే బొమ్మను చూపించాడు.

రెండేళ్ల కిందటి సంగతి. ఒక భవనంలో లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయింది. తోటి మెకానిక్ పైన మోటారు గదిలోకి వెళ్లాడు. ఈయన్ని తలుపు దగ్గర నిలబెట్టాడు. లోపల ఒక ముసలావిడ ఏడుస్తోంది. ఏదో అడుగుతోంది. ఈయనకు అప్పటికి మా భాష ఒక్క ముక్క రాదు. తోచక తలుపు మీద మూడుసార్లు తట్టాడు. లోపల ఏడుపు ఆగింది. తర్వాత లోపలి నుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు. ఈయన మళ్లీ తట్టాడు. ఆవిడా తట్టింది. లిఫ్టు కదిలేదాకా అంతే. తీరా అది కింది అంతస్తుకు దిగి అక్కడ తెరుచుకుంది. ఈయన మెట్లు దిగి వెళ్లేసరికి ఆవిడ లేదు.

"చుక్కలు... ఇది," అంటూ బల్ల మీద వేలి కణుపుతో తట్టి చూపించాడు. "ఆవిడ ఏం అడిగింది, నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. నేను ఏం చెప్పాలి, అదీ తెలీదు."

వంటావిడ తన బల్ల మీద తనూ మూడుసార్లు తట్టి చూసింది.

అలాంటప్పుడు మా ఆడపడుచుకు ఓదార్చడం చేతకాదు. ఆమెకు చేతనయింది ఒకటే. "ఏం అడిగి ఉంటుంది?" అంది లేచి నిలబడి, గదంతా కలయజూస్తూ. చూపు వచ్చి నా దగ్గర ఆగింది. "వదినా, కాస్త ఆ స్టోర్ రూమ్‌లోకి వెళ్తావా?"

"ఎందుకే?"

"లిఫ్టులో ఇరుక్కున్నావు."

నేను చదువుతున్న పుస్తకం చంకలో పెట్టుకుని లేచాను. ఆమె దాన్ని లాగేసుకుంది. "లిఫ్టులో చిక్కుకున్నవాళ్లు పుస్తకాలు చదవరు."

"నేను చదువుతాను."

"లైటు తీసేస్తున్నాగా, ఎలా చదువుతావో చూస్తా."

చీపుర్ల మధ్య, విరిగిన కుర్చీ అంచు మీద కూర్చున్నాను. తలుపు మూసుకుంది. నిజంగానే కన్ను పొడుచుకున్నా కనిపించలేదు. బయట కాసేపు గుసగుసలు, తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత ఆయన గొంతు తలుపుకు బాగా దగ్గరగా వచ్చింది.

"అమ్మా, భయపడకండి."

విచిత్రమేమిటంటే ఆ మాట వినేదాకా నాకు భయం లేదు. భయపడకండి అన్నాడంటే భయపడాల్సినదేదో ఉందన్నమాట అనిపించింది. ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు. ఉన్నాడో వెళ్లాడో తెలియలేదు. ఆటేనని తెలిసీ చీకట్లో తలుపు కోసం తడుముకున్నాను.

"ఉన్నారా?" అన్నాను.

"ఉన్నాను," అన్నాడు వెంటనే. ఆ ఒక్క మాటకు నా ఊపిరి తేలికయింది.

బయటికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన భయపడొద్దన్నాకే భయమేసిందంటే క్లాసంతా గొల్లుమంది. మా ఆడపడుచు మాత్రం కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. గడుల్ని రెండు వరుసలు చేసింది. పై వరుస తలుపుకు బయట, కింది వరుస లోపల. పై గడిలో ఒక మాట అంటే, కింది గడిలో ఆ మాట విన్న మనిషి మొహం ఎలా మారుతుందో పెట్టాలి. అది తెలియాలంటే ఒకరు లోపలికి వెళ్లి రావాలి. నాలుగు క్లాసుల పాటు మాకు అదే పని.

వంటావిడ లోపలికి వెళ్లి నిమిషం కాకముందే, "ఎంతసేపు పడుతుంది? పొయ్యి మీద కూరుంది," అని కేకేసింది. తలుపులాయన ఇటు తిరిగి మా వైపు చూశాడు. ఐదు నిమిషాలని చెప్పమంటారా అన్నట్టు. ఎవరూ సాయం చేయలేదు. ఆయన తలుపు వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"తెలీదమ్మా. కానీ నేను వెళ్లను."

లోపల విరిగిన కుర్చీ కిర్రుమంది. తర్వాత, "సరే. కూర మాడితే నీదే పూచీ," అని వినిపించింది. ఆయనన్న మాటను పై వరుసలో రెండో గడిలో రాశారు. కింది గడిలో పెట్టే మొహం ఎంచడానికి వంటావిడే వచ్చి కూర్చుంది. నవ్వూ కాదు, భయమూ కాదు. అక్కడున్న వాటిలో అలాంటి మొహం దొరక్క ఆవిడ మౌస్ పట్టుకుని చాలాసేపు వెతికింది.

నేను గమనించినది ఇంకొకటి ఉంది. తలుపు వైపు తిరిగితే ఆయన గొంతులో అడ్డం ఉండేది కాదు. తప్పులు దొర్లేవి, కానీ ఆగేవాడు కాదు. ఇంటికి వస్తూ ఈ మాట మా ఆడపడుచుతో అంటే, "నేనూ చూశాను. పరీక్షలో తలుపుండదే," అంది.

పరీక్ష రోజు ఆమె వెళ్తానంటే నేనూ వెళ్లాను. కంపెనీ ఆఫీసులో సన్నటి వరండా, ఒక ప్లాస్టిక్ బెంచీ. ఆయన్ని లోపలికి పిలిచి తలుపు మూసేశారు. మేము బయట మిగిలాం. పరీక్ష పెట్టేది కంపెనీ సూపర్‌వైజరు. ముందు బొమ్మలు చూపించి కథ చెప్పమంటాడు, తర్వాత పనికి సంబంధించిన ఒక సందర్భం ఇస్తాడు.

మొదటి భాగం వినడం కష్టంగా ఉంది. సూపర్‌వైజరు అడగడం, తర్వాత నిశ్శబ్దం, ఆయన ఒక మాట అనడం, మళ్లీ నిశ్శబ్దం. మా ఆడపడుచు తన చేతిసంచి పట్టీని మెలిపెడుతూ కూర్చుంది. "మొహం చూస్తున్నాడు," అంది నాతో గొణుగుతూ.

అప్పుడు కుర్చీ నేల మీద ఈడ్చిన చప్పుడయింది. ఆయన గొంతు.

"సార్, నేను గోడ వైపు తిరగొచ్చా? మీరు లిఫ్టులో ఉన్నారు. నేను బయట."

సూపర్‌వైజరు ఏమన్నాడో వినిపించలేదు. ఆపైన వినిపించినది మాకు వరసగా తెలిసినదే, గడి వెంట గడి.

"సార్, నేను వచ్చాను. తలుపు దగ్గరే ఉన్నాను. మీరు ఒక్కరేనా?"

"ఒక్కణ్నే."

"నిలబడ్డారా, కూర్చున్నారా?"

"కూర్చున్నాను."

"మంచిది. కూర్చోండి. ఇప్పుడు పైన పెద్ద చప్పుడొస్తుంది. అది మాదే. మా మనిషి పని చేస్తున్నాడు."

"ఎంతసేపు పడుతుందయ్యా?"

నా పక్కన ఆమె పట్టీ మెలిపెట్టడం ఆపేసింది.

"తెలీదు సార్. కానీ నేను వెళ్లను. మీకు మాట్లాడాలని లేకపోతే, ఇలా చేయండి." గోడ మీద మూడుసార్లు తట్టిన చప్పుడు. తర్వాత ఇంకోవైపు నుంచి, కొంచెం బెరుగ్గా, మూడుసార్లు.

సూపర్‌వైజరు బయటికి వచ్చినప్పుడు మా ఆడపడుచు లేచి నిలబడింది. ఆయన ఆమెను పైకీ కిందికీ చూసి, "మీరేనా నేర్పింది? బొమ్మల కథ అడిగితే నోరు పెగల్లేదు. దాంట్లో తప్పినట్టే," అన్నాడు. వేలి కణుపులు రుద్దుకుంటూ, "లిఫ్టులోంచి మాత్రం నన్ను బయటికి తెచ్చాడు. పగటి పిలుపులకు ఒంటరిగా పంపుతాం. బొమ్మలది వచ్చే ఏడు మళ్లీ రాయాలి," అన్నాడు.

ఇంటికి వస్తూ ఆమె అడిగిన ప్రశ్న ఒకటే. "సూపర్‌వైజరు నిజంగా లిఫ్టులో ఉన్నట్టు కళ్లు మూసుకుని ఉంటాడంటావా వదినా?" నాకెలా తెలుస్తుంది. అయినా మూసుకునే ఉంటాడన్నాను.

తలుపులాయన తర్వాత కూడా వారం వారం క్లాసుకు వచ్చాడు. వచ్చే ఏటి పరీక్ష ఉందిగా. ఒకరోజు ఒంటరిగా వెళ్లిన పిలుపు నుంచి నేరుగా పనిబట్టలతోనే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక కథ చేశాడు. దాన్ని గోడ మీద వేశారు. మొదటి గడుల్లో మూసిన తలుపు. పైన బుడగల్లో ఈసారి చుక్కలు లేవు, మాటలున్నాయి. చివరి గడిలో తలుపు రెండువైపులా తెరిచి ఉంది. లోపల లిఫ్టు ఖాళీ.

"ఇదేమిటి, మళ్లీ మనుషుల్లేరు?" అంది వంటావిడ.

మా ఆడపడుచు మౌస్ అందుకుని, తెరిచిన తలుపు రెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి పక్కకు లాగి చూసింది. లిఫ్టు గోడ కూడా జరిపింది. వెనక ఎవరూ లేరు.

"ఎక్కడున్నారు?" అని అడిగింది.

"ఇంటికి వెళ్లిపోయారు మేడమ్," అన్నాడాయన, ఆమె మొహం చూస్తూ.